కారు ఇంజను వేడెక్కుట: కారణములు, ప్రతిక్రియలు

గ్రామపెద్దలారా,

పొగను చూచి నిప్పున్నదని యూహించుట తర్కశాస్త్రమున మొదటి పాఠము. ఆ న్యాయముననే, త్రోవలో కారు ముందుభాగమునుండి ఆవిరి లేచినతోడనే "నీళ్ళయిపోయినవి, పోయుము" అని మనవారు డ్రైవరున కాజ్ఞ యిత్తురు. ఈ నిశ్చయము కొన్నిమారులు సరియే. కొన్నిమారులు హేత్వాభాసము, అనగా కారణమువలె కనబడి కారణము కానిది. ప్రసవవేదన పడు బిడ్డను ఆసుపత్రికి గొనిపోవువేళ ఇట్టి తొందర నిర్ణయమువలన కలుగు నష్టము బండికి మాత్రమే కాదు.

ఇంజనులో పెట్రోలుగాని డీసెలుగాని మండగా పుట్టు వేడిలో ఇంచుమించు మూడవవంతు మాత్రమే బండిని నడపుటకు వినియోగపడును. కొంత పొగగొట్టముద్వారా వెడలిపోవును. మిగిలినదానిలో అధికభాగమును ఇంజనులో ప్రవహించు కూలంటు గ్రహించి, ముందున్న రేడియేటరునకు గొనిపోయి గాలికి విడిచిపెట్టును. కూలంటు కేవలజలము కాదు. శుద్ధజలమును, ఇథిలీన్ గ్లైకాలును తరచుగా సమభాగములుగ కలిపినది. అది తీపిగా నుండు విషము గనుక పిల్లలకును, పశువులకును అందనీయరాదు. దానిని ప్రవహింపజేయుటకు పంపును, గాలిని లాగుటకు ఫ్యానును, వేడి సుమారు 82 మొదలు 90 డిగ్రీలవరకు వచ్చినపిమ్మట త్రోవ తెరచుటకు థర్మోస్టాటును ఉండును. మూత ప్రెషరు కుక్కరు మూతవంటిది. లోపలి ఒత్తిడిని నిలిపి, వేడి 100 డిగ్రీలు దాటినను ద్రవమును మరుగనీయదు.

కావున దోషములు పలువిధములు. నిలిచియున్నప్పుడు వేడెక్కి, వేగముగ పోవునప్పుడు చల్లబడినచో ఫ్యానును అనుమానింపవలెను. ఇంజను కాగియుండగా రేడియేటరు చల్లగానే యున్నచో థర్మోస్టాటునో, పంపునో పరీక్షింపవలెను. బండి క్రింద తడియున్నచో గొట్టము చిల్లిపడియుండును. తడి లేకయే కూలంటు తరుగుచు, పొగగొట్టమునుండి విడువక తెల్లని ఆవిరి వెడలినచో హెడ్డు గాస్కెట్టు పోయియుండవచ్చును.

వీనియన్నిటికంటె మోసకరమైనది గాలి. పొలములో పంపునకు గాలి పట్టినచో, మోటారు తిరుగుచున్నను నీరు రాదని మీరెరిగినదే. గొట్టము మార్చి తిరిగి కూలంటు నింపినప్పుడు ఇంజనులోను గాలి ఎత్తైన చోటులందు చిక్కుకొని ప్రవాహము నడ్డగించును. పైకి నిండినట్లే యుండును; లోపల లోహము మాడుచుండును. వేడిని కొలుచు సాధనము కూలంటులో మునుగక గాలిలో నున్నచో ముల్లు సైతము నిజము చెప్పదు.

త్రోవలో ముల్లు ఎఱ్ఱగీత చేరినచో బండిని ప్రక్కకు తీసి ఇంజనును ఆపవలెను. మూత తెరవరాదు, ఒత్తిడి తొలగినతోడనే ద్రవము భగ్గున మరిగి ముఖముపైకి చిమ్మును. కాగిన ఇంజనులో చన్నీళ్ళు పోసినచో లోహము పగులవచ్చును. చేతికి చల్లగ తగులువరకు, అరగంటకు మించినను సరే, వేచియుండవలెను. బండిలో రోగి యున్నచో వేచియుండక 108 నెంబరునకు ఫోను చేయుట శ్రేయము.

గాలిని వెడలించు క్రమమిది. చల్లారిన బండిని ముందుభాగము కొంచె మెత్తుగ నుండునట్లు నిలిపి, చక్రములకు రాళ్ళు అడ్డుపెట్టవలెను. హీటరున్నచో పూర్తి వేడికి త్రిప్పవలెను. మూత తీసి కూలంటును మెల్లగ పోయవలెను. కొన్ని కారులందు గాలి వెడలుటకై చిన్న స్క్రూ ఉండును. దానిని వదులుచేయగా మొదట బుడగలును, పిదప ఎడతెగని ధారయు వచ్చును, అప్పుడు బిగింపవలెను. అది లేనిచో పెద్ద గొట్టములను చేతితో పలుమారులు నొక్కవలెను. తరువాత మూత లేకయే ఇంజనును నెమ్మదిగ నడపి, ముఖమును దూరముగ నుంచి చూడవలెను. థర్మోస్టాటు తెరచుకొనగా బుడగలు వచ్చి మట్టము దిగును. ఆ మేరకు నింపవలెను. బుడగలు నిలిచినపిమ్మట మూత బిగించి, మరునాడు చల్లని ఇంజనులో మట్టము మరల చూడవలెను. బండితో వచ్చిన పుస్తకమున వేరొక క్రమ మున్నచో అదియే ప్రమాణము.

ఇంత చేసినను కూలంటు మరల తరిగినచో దోషము వేరొకచోట నున్నదని గ్రహించి మెకానిక్కునకు చూపవలెను. డ్రైవరు తొందరపడి మూతపై చేయి వేయబోవునప్పుడు "ఆగుము, చల్లారనిమ్ము" అని చెప్పగల పెద్ద యొకరు బండిలో నుండుట ఆ ప్రయాణమునకు గొప్ప రక్ష.