బామ్ని నుండి సూర్యలంకకు: సముద్రతీరంలో బస, విహారం, జాగ్రత్తలు

బామ్ని, బల్లార్‌పూర్, రాజురా ప్రాంతాలలో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు నీరు కొత్త కాదు. వార్ధా నదిలో ఈత నేర్చినవారు మన వాడలలో ఎందరో ఉన్నారు. వానకాలంలో వంతెన మీదికి నీరెక్కి రాజురా దారి నిలిచిపోవడమూ మనకు తెలిసినదే. సముద్రం మాత్రం మనలో చాలామందికి సెలవులలోనో, కార్తిక పౌర్ణమికో చూచే దృశ్యం. నదిలో ఈదగలవాడు సముద్రంలోనూ ఈదగలడని అనుకోవడం సహజం. ఆ నమ్మకం ఎక్కడ తప్పుతుందో తీరానికి బయలుదేరే ముందే తెలిసి ఉండాలి.

మనం ఉన్నది మహారాష్ట్రలోనే అయినా, ఆ రాష్ట్రపు సముద్రం మనకు దూరం. బల్లార్షా నుండి ముంబయికి రైలు మార్గంలో సుమారు 890 కిలోమీటర్లు. అదే బల్లార్షాలో దక్షిణం వైపు వెళ్లే రైలెక్కితే సిర్పూర్ కాగజ్‌నగర్, మంచిర్యాల, వరంగల్, ఖమ్మం మీదుగా విజయవాడకు, అక్కడి నుండి తెనాలి దాటి బాపట్లకు సుమారు 520 కిలోమీటర్లే. అన్ని దూరప్రయాణపు రైళ్లూ బాపట్లలో ఆగవు. విజయవాడలో దిగి ఒంగోలు వైపు వెళ్లే రైలు పట్టుకోవడం పిల్లలతో, సామానుతో వెళ్లేవారికి సులువు. బాపట్ల స్టేషను నుండి సూర్యలంక తీరం తొమ్మిది కిలోమీటర్ల దూరంలో ఉన్నది. ఊరిలో భావనారాయణస్వామి ఆలయాన్ని దర్శించి తీరానికి వెళ్లడం చాలామందికి అలవాటు.

సూర్యలంకలో ఆంధ్రప్రదేశ్ పర్యాటకాభివృద్ధి సంస్థకు చెందిన హరిత రిసార్ట్ ఉన్నది. గది కావలసినవారు ముందుగానే ఖాయం చేసుకొని బయలుదేరవలెను. వారాంతాలలో, ముఖ్యంగా కార్తిక మాసంలో, అప్పటికప్పుడు గది దొరకడం కష్టం. బాపట్ల పట్టణంలో బస చేసి, ఉదయం ఆటోలో తీరానికి వెళ్లి రావడం తక్కువ ఖర్చుతో కూడిన పద్ధతి. నీటి అంచున పెద్ద కట్టడాలు ఎందుకు లేవని కొందరు అడుగుతారు. తీరప్రాంత క్రమబద్ధీకరణ నియమాలే దానికి కారణం. 2019 నాటి ప్రకటన ప్రకారం ఇసుకతీరంలో మరుగుదొడ్లు, బట్టలు మార్చుకొనే గదులు, స్నానపు జల్లులు, తాగునీటి ఏర్పాట్ల వంటి తాత్కాలిక సౌకర్యాలకు మాత్రమే వీలున్నది. అవి సైతం పోటు గీతకు కనీసం పది మీటర్ల ఇవతల ఉండాలి.

తీరంలో ఏయే సౌకర్యాలు ఆశించవచ్చో తెలియడానికి విశాఖపట్నంలోని రుషికొండను కొలబద్దగా తీసుకోవచ్చును. అది 2020లో, దేశంలో మొట్టమొదటి ఎనిమిది తీరాలలో ఒకటిగా, 'బ్లూ ఫ్లాగ్' గుర్తింపు పొందినది. నీటి శుభ్రత, రక్షక సిబ్బంది, మరుగుదొడ్లు మొదలైన 33 ప్రమాణాలను పరిశీలించి ఆ గుర్తింపు ఇస్తారు. నిర్వహణపై ఫిర్యాదులు రాగా 2025 ఆరంభంలో అది కొంతకాలం నిలిచిపోయి, తిరిగి లభించినది. సూర్యలంకకు ఇంత హంగు ఉంటుందని ఊహించుకొని వెళ్లకూడదు. తాగునీరు వెంట తీసుకొని వెళ్లడమే మేలు.

ఇక గుడారాల విషయం. మన తీరాలలో విదేశాలలో వలె గుర్తులు వేసి, కుళాయిలు పెట్టి ఇచ్చే గుడారపు స్థలాలు అరుదు. రాత్రి ఇసుకపై గుడారం వేయదలచినవారు స్థానిక పోలీసులను, పర్యాటక సిబ్బందిని అడిగి అనుమతి పొందవలెను. వెనుకనున్న సరుగుడు తోటలు ఖాళీ స్థలాలు కావు. గాలివానల నుండి ఊళ్లను కాచేందుకు పెంచిన చెట్లు అవి. పడవలు నిలిపే చోటు, వలలు ఆరవేసే చోటు మత్స్యకారుల పనిస్థలాలు కనుక అక్కడా గుడారం వేయరాదు.

అనుమతి లభించిన చోట కూడా స్థలాన్ని చూచుకొని ఎంచుకోవాలి. ఎండిన నాచు, గవ్వలు, పుల్లలు వరుసగా పేరుకొన్న గీత తీరమంతటా కనిపిస్తుంది. పోటు నీరు అంతవరకు వచ్చినదని దాని అర్థం. గుడారం దానికి బాగా ఎగువన ఉండాలి. పౌర్ణమికి, అమావాస్యకు పోటు మిగిలిన రోజులకంటె ఎత్తుకు వస్తుంది. కార్తిక పౌర్ణమి నాడు జనమూ ఎక్కువ, పోటూ ఎక్కువ అన్నది మరచిపోరాదు. మామూలు మేకులు ఇసుకలో నిలువవు. గోనెసంచిలో ఇసుక నింపి, తాడు కట్టి, గోతిలో పూడ్చితే గట్టిగా పట్టుకొంటుంది. నిప్పు రాజేస్తే నీరు పోసి పూర్తిగా ఆర్పవలెను. ఇసుక కప్పిన నిప్పులు గంటల తరబడి కనలుతూనే ఉండి, మరునాడు ఏ పసివాడి కాలో కాలుస్తాయి.

జనవరి నుండి ఏప్రిల్ వరకు ఆలివ్ రిడ్లీ తాబేళ్లు రాత్రివేళ ఈ తీరాలకు వచ్చి, ఇసుకలో గొయ్యి తీసి, ఒక్కొక్కటి నూరు వరకు గుడ్లు పెడతాయి. సుమారు ఏడెనిమిది వారాలకు పిల్లలు బయటికి వచ్చి, వెలుతురున్న దిక్కుకు నడుస్తాయి. సహజంగా ఆ వెలుతురు సముద్రం మీదిది. గుడారం ముందు వెలిగించిన దీపం వాటిని ఊరివైపు మళ్లిస్తుంది. ఆ నెలలలో దీపాలు తగ్గించుకోవడం, తాబేలు కనిపిస్తే దూరంగా నిలబడడం తప్ప మనం చేయవలసినది మరేమీ లేదు.

ఇప్పుడు నీటి సంగతి. నదిని ఈది దాటేవాడు ప్రవాహానికి ఎదురీదడు. ఏటవాలుగా, నీరు తీసుకొనిపోయినంత మేర పోనిచ్చి, అవతలి ఒడ్డు చేరుకొంటాడు. నదిలో ఒడ్డు ప్రవాహానికి పక్కన ఉంటుంది కనుక అది సాధ్యం. సముద్రంలో అలలు తీరానికి తెచ్చిన నీరు తిరిగి వెళ్లడానికి కొన్నిచోట్ల సన్నని దారి చేసుకొని, లోపలికి వేగంగా పారుతుంది. దీనినే రిప్ కరెంట్ అంటారు. అందులో చిక్కినవానికి ఒడ్డు పక్కన ఉండదు, సరిగ్గా ప్రవాహానికి ఎదురుగా ఉంటుంది. కంటికి కనిపించే ఒడ్డు వైపు ఈదడమే ఎవరికైనా తోచే పని. ఆ పనే మనిషిని అలసటకు గురిచేసి ముంచుతుంది. ఈ ప్రవాహం బలంగా ఉన్నప్పుడు ఆరితేరిన ఈతగాడు కూడా దానికి ఎదురీది గెలువలేడు.

చేయవలసినది వార్ధాలో చేసినదే: ప్రవాహంతో పోరాడక పక్కకు తప్పుకోవడం. తీరానికి సమాంతరంగా ఈదుతూ పోతే ఆ దారి వెడల్పు దాటుతారు, అటుపైన అలలతోబాటు ఏటవాలుగా ఒడ్డుకు రావచ్చును. ఈదలేనివారు వెల్లకిలా తేలుతూ చేయెత్తి సహాయం కోరాలి. రిప్ కరెంట్ మనిషిని దూరానికి లాగుతుంది కాని అడుగుకు లాగదు, అలలు విరిగే చోటు దాటిన తరువాత బలహీనపడుతుంది.

దానిని ముందే గుర్తించడమూ సాధ్యమే. రెండువైపుల అలలు తెల్లగా విరుగుతూ, నడుమ కొంతమేర నీరు ముదురు రంగులో నిమ్మళంగా కనిపిస్తే, లేదా నురుగు, కలకనీరు లోపలికి పోతూ ఉంటే, అదే ఆ దారి. పిల్లలతో వెళ్లినవారు అలలు తక్కువగా ఉన్నదని సరిగ్గా అక్కడే దిగుతారు! తీరంలోని మత్స్యకారులను అడిగితే ఆనాటి నీటి తీరు చెబుతారు. ఎక్కడికక్కడ కట్టిన ఎర్రజెండాలను, పోలీసుల హెచ్చరికలను అతిక్రమించరాదు. మద్యం సేవించి, లేదా చీకటి పడిన తరువాత నీటిలోకి దిగరాదు.

ఎవరైనా కొట్టుకొనిపోతూ ఉంటే వెంటనే దూకకండి. రక్షించబోయినవారే మునిగిపోవడం తరచుగా జరుగుతున్నది. తేలే వస్తువు ఏదైనా, ఖాళీ నీళ్ల డబ్బా అయినా సరే, విసిరి, రక్షక సిబ్బందిని పిలవాలి. అత్యవసరానికి 112, అంబులెన్సుకు 108, సముద్రంలో గాలింపుకు కోస్ట్‌గార్డు వారి 1554 నంబర్లు ఉన్నవి. ఒడ్డుకు చేర్చిన మనిషిని తలక్రిందులుగా వ్రేలాడదీయడం, గిరగిర తిప్పడం, పొట్ట నొక్కి నీరు కక్కించడం మన ఊళ్లలో ఇంకా చూస్తున్నాము. వాటి వలన ప్రాణానికి కావలసిన నిమిషాలు వృథా అవుతాయి. శ్వాస లేకుంటే వెల్లకిలా పడుకోబెట్టి, ముక్కు మూసి నోటిద్వారా ఊపిరి అందిస్తూ, రొమ్ము నడుమ బలంగా, వేగంగా నొక్కుతూ సహాయం అందేవరకు కొనసాగించాలి.

చివరగా కాలం సంగతి. అక్టోబరు నుండి డిసెంబరు వరకు బంగాళాఖాతంలో తుపానులు పుట్టే కాలం. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గరే తీరం దాటినది. బల్లార్షాలో ఆకాశం నిర్మలంగా ఉన్నదని సముద్రం కూడా అలాగే ఉంటుందనుకోరాదు. భారత వాతావరణ శాఖ ప్రకటనలను, అలల ఎత్తుపై హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సంస్థ ఇచ్చే హెచ్చరికలను టికెట్టు తీసుకొనేటప్పుడు ఒకసారి, బయలుదేరే రోజున మరొకసారి చూచుకోవలెను. రేవులలో ఎగురవేసే హెచ్చరికలకు ఒకటి నుండి పదకొండు వరకు నంబర్లు ఉంటాయి. మొదటి రెండూ దూరాన వాతావరణం చెడినదని, మూడు, నాలుగు ఆ రేవుకే ముప్పు రావచ్చునని, అయిదు నుండి పైవి ప్రమాదమని తెలుపుతాయి. నిజాంపట్నం రేవులో మూడవ నంబరు ఎగిరినదని వార్త వచ్చిన పక్షంలో, గదికి కట్టిన అడ్వాన్సు పోయినా సరే, టికెట్టు రద్దు చేసుకోవలెను.