ఆ చెట్టు నడవదు



పోయిన నెల ఈ గోడ పత్రికలో "నడిచే చెట్టు" అని రాసింది నేనే. అందరూ బాగుందన్నారు. ఐదో తరగతి చెల్లెళ్ళయితే చెట్టు వస్తుందని కిటికీ పక్కన పడుకోవడానికి భయపడ్డారు. కానీ నేను రాసింది తప్పు. అందుకే మళ్ళీ రాస్తున్నాను.

చెట్టు మాత్రం నిజంగా ఉంది. దాని పేరు సోక్రాటియా ఎక్సోరైజా. మధ్య అమెరికా, దక్షిణ అమెరికా వాన అడవుల్లో పెరుగుతుంది. మన తాటి, ఈత, జీలుగు చెట్ల కుటుంబమే. 25 మీటర్ల దాకా పెరుగుతుంది గానీ మాను సన్నం. మొదలు నేలకు ఆనదు. పైనుంచే చుట్టూ వేర్లు దిగుతాయి, మంచె కింద గుంజలు పాతినట్టు. వేర్ల నిండా ముళ్ళే. అక్కడి ఆదివాసులు ఆ ముళ్ళ వేరు మీద దుంపలు కోరుకుంటారు. మాను చీల్చి ఇంటికి నేల, గోడలు వేసుకుంటారు.

వెలుతురు ఉన్న వైపు కొత్త వేర్లు వేసి, వెనక వేర్లు వదిలేసి, చెట్టు ఏడాదికి 20 మీటర్లు నడుస్తుందని కొందరు చెబుతారు. నేను చదివిందీ అదే, రాసిందీ అదే.

సెలవులకి ఇంటికెళ్ళి మా తాతకి చెప్పాను. తాత నవ్వలేదు. కాసేపు ఆలోచించి ఇలా అన్నాడు: "గాలికి పడ్డ మొక్కజొన్న తల లేపుద్ది. కింది కణుపుల్లోంచి కొత్త వేర్లు దించుద్ది. నేనెరుగుదును. అంతమాత్రాన పక్క సాలులోకి పోయిందా? నువ్వు చూసినావా బిడ్డా?"

నేను చూడలేదు. హాస్టల్‌కి వచ్చాక సైన్సు మేడం గారిని అడిగాను. మేడం వెతికి చెప్పారు. 1980లో జాన్ బాడ్లీ, ఫోలీ బెన్సన్ అనే ఇద్దరు పెరూ అడవిలో ఈ చెట్ల గురించి రాశారు. లేత చెట్టు మీద పెద్ద చెట్టు విరిగి పడితే అది వంగిపోతుంది. తర్వాత మాను మీద ఇంకో చోట కొత్త వేర్లు దించి మళ్ళీ నిలబడుతుంది. పాత వేర్లు కుళ్ళిపోతాయి. అంటే లేచింది మొలిచిన చోటికి కొంచెం పక్కన. అంతే. కోస్టారికాలో జెరార్డో అవలోస్ అనే శాస్త్రవేత్త, మరికొందరు ఈ వేర్లను పరిశీలించి 2005లో వ్యాసం రాశారు. వేర్లు కొన్ని చస్తాయి, కొన్ని పుడతాయి, మాను మాత్రం ఉన్న చోటే ఉంటుంది, నడక అనేది కట్టుకథ అని ఆయన చెప్పారు.

మరి ఆ వేర్లు ఎందుకు? దాని మీద శాస్త్రవేత్తలందరిదీ ఒకే మాట కాదు. మాను లావెక్కకుండానే త్వరగా ఎత్తు పెరిగి వెలుతురు అందుకోవడానికి అని కొందరంటారు.

మా ఇంట్లో బడికి వచ్చిన మొదటి మనిషిని నేను. అచ్చులో ఉన్నదంతా నిజమే అనుకునేదాన్ని. మా తాతకి ఒక్క అక్షరం రాదు. అయినా నేను అడగాల్సిన ప్రశ్న ఆయన అడిగాడు. ఇకమీద ఏదైనా చదివితే, "ఎవరు చూశారు? ఎలా చూశారు?" అని ముందు అడుగుతాను. మీరు కూడా అడగండి, నేను రాసినా సరే.

చెల్లెళ్ళూ, కిటికీ పక్కన భయం లేకుండా పడుకోండి.

ఇట్లు,
9వ తరగతి విద్యార్థిని