పైన పటారం, లోన లొటారం

సింహాద్రిపురం: పాత కారుకు పూర్తిగా రంగు వేయించాలంటే ఈ ప్రాంతం వారు పులివెందులకో, ప్రొద్దుటూరుకో తోలుకుపోతారు. చీనీకాయల డబ్బు చేతికొచ్చినప్పుడే చాలామందికి ఆ ఆలోచన. చిన్న కారుకు ఒక షెడ్డులో 30 వేలంటే, ఇంకో షెడ్డులో 60 వేలంటారు. తేడా డబ్బాలోని రంగు కన్నా, దాని కింద జరిగే చాకిరీలోనే ఎక్కువ.

తుప్పును రేకు కనబడేదాకా గీకాలి. చిల్లు పడిన చోట కోసి కొత్త ముక్క అతకాలి. ఆపైన పుట్టీ, ప్రైమరు. ఆరాక నీళ్లు పోస్తూ ఎమరీ కాగితంతో రుద్దాలి. ఇది రోజుల తరబడి పని. చౌక బేరంలో కోత పడేది ఇక్కడే. తుప్పు మీదే పుట్టీ మెత్తేస్తారు. మెరుపు చూసి యజమాని మురిసిపోతాడు. వానలు తక్కువైన మన సీమలో కూడా కొన్నాళ్లకు డోరు అంచున బుడగలు లేస్తాయి.

డబ్బు చెల్లించే ముందు చిన్న అయస్కాంతం వెంట తీసుకుపోవడం మేలు. పుట్టీ మందంగా ఉన్న చోట రేకుకు అది అంటుకోదు (ప్లాస్టిక్ బంపరుకు ఎలాగూ అంటుకోదనుకోండి). డోరు రబ్బరు ఎత్తితే పాత రంగు కనిపించిందా, విప్పకుండానే కొట్టేశారన్నమాట. కారు రంగే మార్చితే ఆర్.సి.లోనూ మార్పు చేయించాలి.

ఇక రంగు కొట్టే కుర్రవాళ్ల సంగతి. హార్డెనరు కలిపే రంగుల్లో ఐసోసైనేట్లు ఉంటాయి. ఆ తుంపర పీలిస్తే ఉబ్బసం పట్టుకోవచ్చు. అందుకు తగిన ముసుగు వేరే ఉంది. ఇక్కడ ముక్కుకు తువాలు చుట్టుకుని కొడుతున్న వారున్నారు. ఆ గుడ్డ ఆవిరిని ఆపదు.