బీరువా కాదు నాన్నా, బండి!

"ఇది బండా, బీరువానా?" టెక్సస్‌లోని మా గ్యారేజీలోకి తొంగిచూసి నాన్న అన్న మొదటి మాట అది.

నేను కడుతున్నది టియర్‌డ్రాప్ ట్రైలర్. కారు వెనక తగిలించుకెళ్లే, నీటిబొట్టు ఆకారపు బుల్లి పడకగది. 1930ల నుంచీ అమెరికాలో వీటిని ఇళ్ల దగ్గరే చేసుకుంటున్నారు. వెడల్పు 4 అడుగులు, పొడవు 8. ప్లైవుడ్ షీటు సైజూ అదే కాబట్టి వేస్టేజీ తక్కువ. లోపల పరుపు, వెనక తలుపు ఎత్తితే వంటిల్లు.

మొదటి వానకే పరుపు తడిసిపోయింది. వెనక తలుపు బందుల సందులోంచి నీళ్లు! రెండు ట్యూబుల సీలెంట్ పూశా, లాభం లేదు. కదిలే చోట అది నిలవదు మరి. చివరికి బందుల మీదుగా వెడల్పాటి రబ్బరు పట్టీ వేశా. మళ్లీ చుక్క పడలేదు.

అసలు భయం రోడ్డెక్కాక. 55 మైళ్ల స్పీడు దాటగానే ట్రైలర్ పాములా ఊగింది. పక్క సీట్లో నాన్న! బ్రేకు తొక్కకుండా యాక్సిలరేటర్ వదిలి, స్టీరింగ్ కదలకుండా పట్టుకుంటే మెల్లగా సర్దుకుంది.

నాన్న దిగి చుట్టూ చూశాడు. "ఎడ్లబండైనా అంతేరా. వెనక బరువెక్కువైతే కాడి పైకి లేస్తుంది."

నిజమే. స్టౌ, ఐస్‌బాక్సు, నీళ్ల క్యాను, బ్యాటరీ అన్నీ వంటింట్లోనే పెట్టా. మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం ముందు కొక్కెం మీద పడాలి. ఇంటికొచ్చి, మనుషులు బరువు చూసుకునే మెషిన్ కొక్కెం కింద పెట్టి చూశా. 1,000 పౌండ్లకి పడింది 40! బ్యాటరీ, నీళ్లు ముందుకి మార్చాక 120.

మరుసటి శనివారం ట్రైలర్ ఊగలేదు. సరస్సు ఒడ్డున ఆ 'బీరువా'లోనే నాన్న గుర్రుపెట్టి నిద్రపోయాడు.