కుర్చీ కన్నా ముందు నేల చూడండి!

నాన్న రిటైరయ్యాక హనుమకొండలోని మా ఇంటి ముందు హాయిగా కూర్చుని టీ తాగుతారని ఆన్‌లైన్‌లో ఓ టేబుల్, నాలుగు ఇనుప కుర్చీలు కొన్నా. రివ్యూలన్నీ చదివా, రేట్లు పోల్చా. వాటిని ఏ నేల మీద వేయాలో మాత్రం ఆలోచించలేదు. యాప్ అంతా రాసేసి, అది ఏ ఫోన్‌లో నడవాలో మర్చిపోయినట్టన్నమాట!

మొదట గడ్డిలో వేశాం. ఒక్క వానకే సన్నటి కాళ్లు మట్టిలో దిగబడ్డాయి. మనిషి బరువంతా నాలుగు చిన్న చుక్కల మీదే పడుతుంది కదా! తడి ఆరక తుప్పు కూడా మొదలైంది.

దాంతో నున్నటి టైల్స్ వేయించా. ఫొటోల్లో అదిరిపోయాయి. తీరా ముసురు పట్టిన రోజు నాన్న లేవబోతుంటే కుర్చీ వెనక్కి జారింది. చెయ్యి బెణికింది, అంతే. కానీ ఆ తర్వాత ఆయన బయట కూర్చోవడమే మానేశారు. ‘లోపలే బాగుందిరా’ అన్నప్పుడల్లా మనసు చివుక్కుమనేది.

చివరికి ఓ పాత మేస్త్రీని పిలిచా. ఆయన చెంబెడు నీళ్లు పోశాడు. అవి ఎటూ కదల్లేదు. ‘కుర్చీల తప్పేం లేదు తమ్మీ. నేలే నున్నగుంది, వాలు కూడా లేదు’ అన్నాడు.

టైల్స్ తీసేసి, కంకర, డస్ట్ పరిచి గట్టిగా దిమ్మిస కొట్టించాం. పైన పాలిష్ లేని తాండూరు బండలు వేశాం. నీళ్లు గోడవైపు రాకుండా 10 అడుగులకు అంగుళంన్నర వాలు ఇచ్చాం. కుర్చీ కాళ్లకు రబ్బరు తొడుగులు వేశాం. తాండూరు బండ సున్నపురాయి కాబట్టి యాసిడ్‌తో కడగకూడదు, పైపొర తినేస్తుంది. సబ్బునీళ్లు చాలు.

మీరూ కొనేముందు ఇవి గుర్తుంచుకోండి. వదులు కంకర మీద సన్నకాళ్ల కుర్చీలు ఊగుతాయి. ప్లాస్టిక్ గడ్డి మిట్టమధ్యాహ్నం కాళ్లు పెట్టలేనంతగా వేడెక్కుతుంది. డాబా మీద కుర్చీలు బిగించడానికి రంధ్రాలు వేస్తే వాటర్‌ప్రూఫింగ్ దెబ్బతిని నీళ్లు కిందికి దిగుతాయి. టైల్ ఏదైనా నచ్చితే ఒక్కటి తెచ్చి, తడిపి, వట్టికాళ్లతో దానిపై నిలబడి చూడండి. షోరూమ్ లైట్లు చెప్పని నిజం మీ పాదం చెబుతుంది.

మొన్న వాన వెలిశాక నాన్నకు వీడియో కాల్ చేశా. వెనకాల మా జామచెట్టు కనిపించింది, చేతిలో టీ గ్లాసు. ఆయన బయటే ఉన్నారు!