బీఈడీకి ముందు సైన్సు సబ్జెక్టుల ఎంపిక

పలాస జీడిపప్పు పరిశ్రమలో లెక్కలు రాసే విద్యార్థి సైన్సు ఉపాధ్యాయుడు కాదలచాడనుకుందాం. డిగ్రీలో చేరేటప్పుడు అతడు మొదట చూడవలసింది ఏ సబ్జెక్టు తేలికని కాదు. రేపు ఎడ్‌సెట్‌లో ఏ మెథడాలజీ కోరతాడని. ఫిజికల్ సైన్సెస్‌కు భౌతిక, రసాయన శాస్త్రాల వంటివి, బయొలాజికల్ సైన్సెస్‌కు వృక్ష, జంతు శాస్త్రాల వంటివి డిగ్రీలో చదివి ఉండాలి. ఆ ఏటి ప్రకటన తప్పక చూసుకోవాలి.

పాఠాలు రాత్రిపూట చదువుకోవచ్చు, ప్రయోగాలు అలా కుదరవు. ఆమదాలవలసలో రైలు దిగి, శ్రీకాకుళం చేరి, ప్రయోగశాలలో గంటల తరబడి నిలబడాలి. కనుక సెలవు సంగతి యజమానితో తేల్చుకున్నాకే దరఖాస్తులో సబ్జెక్టులు రాయండి. సెలవు దొరక్క గణితం ఉన్న బీఏకు మారినవారున్నారు. గణిత మెథడాలజీ వారికి దక్కుతుంది, సైన్సు దక్కదు.

ఇక రెగ్యులర్ బీఈడీ 2015 నుంచి రెండేళ్లు. అప్పుడు సెలవు చాలదు, కొలువే ఆపుకోవాలి. ఆ రెండేళ్లు ఇల్లు గడిచే మాట ఇప్పుడే ఇంట్లో మాట్లాడుకోండి.