గ్రాంట్‌చెస్టరు: ఒక ఆంగ్ల గ్రామనామ పరిణామము

ఇంగ్లండు దేశమున కేంబ్రిడ్జి పట్టణమునకు నైరృతి దిశగా సుమారు 2 మైళ్ల దూరమున గ్రాంట్‌చెస్టరు అను చిన్న గ్రామము కలదు. ఆంగ్ల స్థలనామముల తుదినుండు ‘చెస్టరు’ సాధారణముగా రోమనుల నాటి కోటను గాని, ప్రాకారము గల పట్టణమును గాని సూచించును. శిబిరమను అర్థము గల లాటిను పదము ‘కాస్ట్రా’ దీనికి మూలము. మాంచెస్టరు, వించెస్టరు అను పేళ్లు ఇట్లేర్పడినవే. కావున గ్రాంట్‌చెస్టరనగా గ్రాంటానదిపై నున్న కోట యని ఎవరికైనను తోచును. కాని ప్రాచీన రూపములు ఈ వ్యుత్పత్తిని సమర్థింపవు.

ఈ భ్రాంతికి ఒక ప్రసిద్ధగ్రంథము కూడ తోడైనది. బీడ్ 731లో ముగించిన ఆంగ్లజాతి మతచరిత్రమున ‘గ్రాంటకేస్టిర్’ అను పాడుపడిన చిన్న నగరమును పేర్కొన్నాడు. రాణి ఎథెల్‌త్రిత్ కళేబరమును 695లో నూతన సమాధికి మార్చుటకై ఈలీ మఠవాసులు రాతికొరకు పడవపై వెడలి, ఆ నగరపు గోడల చెంత తెల్లని చలువరాతి శవపేటికను కనుగొనిరని అతని కథనము. నామసామ్యమును బట్టి ఆ నగరము ఈ గ్రామమే యని కొందరు తలచిరి.

1086 నాటి డూమ్స్‌డే గ్రంథమున ఈ గ్రామము పేరు ‘గ్రాంటెసెటా’. ఇందు ‘చెస్టరు’ లేదు. ఉత్తరభాగము నివాసులను అర్థము గల ‘సేటె’ అను ప్రాచీనాంగ్ల పదము. డార్సెట్, సామర్సెట్ అను కౌంటీల పేళ్ల తుదిభాగమును ఇదియే. అనగా గ్రాంటాతీరవాసుల పేరే వారి ఊరికి చెల్లినది. కాలక్రమమున ‘సేటె’ అర్థము మరుగుపడగా, ధ్వనిలో దానికి చేరువయై జనులకు పరిచితమైన ‘చెస్టరు’ ఆ స్థానము నాక్రమించినది.

బీడ్ చెప్పిన నగరము నేటి కేంబ్రిడ్జిలోని కాజిల్ హిల్ మీది రోమను పట్టణము. ఆంగ్లో సాక్సను వృత్తాంతమున 875వ సంవత్సరము క్రింద అది ‘గ్రాంటెబ్రిడ్జె’, అనగా గ్రాంటామీది వంతెన. నార్మనుల ఉచ్చారణ ప్రభావమున గకారము కకారమై, రేఫము లోపించి ‘కాంటెబ్రిగ్గె’ యని, పిదప కేంబ్రిడ్జి యని మారినది. అంతట పట్టణము పేరునుండియే నదికి ‘కామ్’ అను పేరు పుట్టినది. పట్టణము నదీనామమును పోగొట్టుకొనగా, గ్రామము దానిని నిలుపుకొని ఉత్తరభాగమును మార్చుకొన్నది.

1943లో రీనే ప్రకటించిన కేంబ్రిడ్జిషైరు స్థలనామ గ్రంథము ఇట్టి పూర్వరూపములను కాలక్రమమున కూర్చినది. స్థలనామమునకు నేటి రూపము సాక్ష్యము కాజాలదు. లభించినంతలో తొలి లిఖితరూపమే ప్రమాణము. శాసనములయందలి తెలుగు గ్రామనామములను పరిశీలించువారికిని ఇదియే మార్గము.